మన పెద్దలకు మన ఊళ్లోనే ఒక ఇల్లు

వృద్ధాశ్రమం అన్న మాట వినగానే మన కుటుంబాల్లో సంభాషణ ఆగిపోతుంది. ‘అది మన సంప్రదాయం కాదు, ముస్లింల ఇళ్లలో తల్లిదండ్రులను బయటికి పంపరు’ అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. ఆ మాటలో ఒక ఆదర్శం ఉంది. ఆ ఆదర్శం పట్ల మనకు గర్వమూ ఉంది. అయితే ప్రతి మొహల్లాలోనూ ఆ ఆదర్శం అందని మనుషులు కొందరున్నారు. సంతానం లేని వితంతువు, తలాక్ తరువాత పుట్టింటికి చేరి అన్నదమ్ములు గతించాక ఒంటరిగా మిగిలిన స్త్రీ, ఉన్న ఒక్క కొడుకు కువైట్‌లో డ్రైవరు పనిలో ఉండగా ఇక్కడ మంచాన పడిన తండ్రి, ముగ్గురు కొడుకుల ఇళ్ల మధ్య నెలకొక చోట సంచీతో తిరిగే తల్లి. సంప్రదాయం గురించి మనం చెప్పుకునే గొప్పలు వీరికి వేళకు అన్నం పెట్టడం లేదు, మందు వేయడం లేదు.

అందుచేత ఈ విషయాన్ని మౌనం నుంచి బయటికి తీసుకురావలసిన సమయం వచ్చింది. ప్రతి పట్టణంలోనూ పది, పన్నెండు మంది పెద్దలు ఉండగలిగే చిన్న ఆశ్రయ గృహాన్ని ముస్లిం సమాజం నెలకొల్పుకోవాలి. దానిని దయాధర్మంగా కాక, పెద్దల హక్కుగా భావించి నడపాలి. ప్రభుత్వ సహాయంతో నడిచే ఆశ్రమాలలో చేరిన ముస్లిం వృద్ధులకు వారి విశ్వాసం ప్రకారం జీవించే, కన్నుమూసే అవకాశం ఉండాలని గట్టిగా కోరాలి.

ధర్మం మోపిన బాధ్యత ఎవరిది?

ఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతులు మనలో అత్యధికులకు తెలిసినవే. ఏకదైవారాధనను ఆదేశించిన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆదేశించడం, వారు వార్ధక్యానికి చేరినప్పుడు విసుగుతో ‘ఉఫ్’ అనడాన్ని సైతం వారించడం ఆ ఆయతుల విశిష్టత. ముసలితనం ఎదుటివారి ఓర్పును పరీక్షిస్తుందన్న వాస్తవాన్ని ధర్మం దాచలేదు. ఆ విసుగు సహజంగా పుట్టే చోటనే నిగ్రహాన్ని విధించింది.

ధర్మశాస్త్రంలో మరొక సూక్ష్మం ఉంది. సొంత తల్లిదండ్రులకు జకాత్ ఇవ్వరాదని ఫుఖహాలు సాధారణంగా చెబుతారు. పేద తల్లిదండ్రుల పోషణ సంతానం మీద ఎలాగూ విధిగా ఉన్నప్పుడు, దానిని జకాత్ ఖాతాలో చూపించుకునే వీలు లేకపోవడమే ఇందుకు కారణం. అంటే తల్లిదండ్రుల పోషణ దాతృత్వం కిందికి రాదు, అది తీర్చవలసిన అప్పు వంటిది. స్తోమత గల కొడుకు తన తల్లిని ఏ ఆశ్రయ గృహంలోనో చేర్చి, ఆమె ఖర్చును సమాజం చందాల మీద వదిలివేయడం ఈ దృష్టితో చూస్తే అన్యాయమే.

ఇక్కడే మరొక నిజం చెప్పుకోవాలి. మన ఇళ్లలో ‘కొడుకు చూసుకుంటున్నాడు’ అన్నప్పుడు చాలాసార్లు చూసుకునేది కోడలు. అత్తమామల సేవ కోడలి మీద షరీఅత్ విధించిన బాధ్యత కాదని, ఆమె చేస్తే అది ఆమె సౌజన్యమని అనేకమంది ఉలమాలు స్పష్టం చేశారు. విధి ఉన్నది కొడుకుల మీద, కూతుళ్ల మీద. భర్త గల్ఫ్‌లో ఉండగా ఇద్దరు పిల్లలతో, కుట్టు మిషనుతో, పక్షవాతం వచ్చిన మామతో సతమతమవుతున్న స్త్రీని ‘సంప్రదాయం’ పేరుతో ఒంటరిగా వదిలివేసి, ఆమె విసుక్కున్న రోజున ఆమెనే నిందించడం మనకు అలవాటైంది. కడప, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి దశాబ్దాలుగా సాగుతున్న గల్ఫ్ వలసలు డబ్బు పంపాయి. చేయి పట్టుకుని స్నానాల గదికి నడిపించే మనిషిని మాత్రం ఇంటి నుంచి తీసుకుపోయాయి.

ఆదరణకు నోచుకోని వృద్ధులకు ఆశ్రయం కల్పించడం ముస్లిం నాగరికతకు కొత్త కూడా కాదు. ఇస్తాంబుల్ నగరంలోని దారుల్ అజజా 19వ శతాబ్దం చివరలో ఉస్మానీ సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ కాలంలో వెలసింది. నిరాధారులైన వృద్ధులకు, వికలాంగులకు, అనాథ బాలలకు ఆశ్రయం ఇచ్చిన ఆ సంస్థ ఆవరణలో మస్జిద్‌తో పాటు చర్చి, యూదుల ప్రార్థనాలయం కూడా నిర్మించారు. ఆకలి తీర్చడంతో బాధ్యత తీరిపోదని, మనిషి తన విశ్వాసంతో సహా ఆశ్రయం పొందాలని ఆ కట్టడం చెబుతుంది. మనం కోరుతున్నదీ అదే, ఇతరులకు ఇవ్వవలసినదీ అదే.

చిన్న ఇల్లు ఎందుకు?

వంద మంచాల ఆశ్రమంలో మనిషికి ఒక నెంబరు వస్తుంది. పన్నెండు మంది ఉన్న ఇంట్లో ఆయన ‘చాచా’గా, ఆమె ‘ఖాలా’గా మిగులుతారు. ఎవరికి టీలో చక్కెర వద్దో, ఎవరికి ఎడమచెవి వినపడదో, ఎవరు రాత్రి మూడు గంటలకు లేచి తలుపు తీస్తారో సిబ్బందికి తెలిసి ఉంటుంది. సంరక్షణ అంటే చాలావరకు ఈ తెలియడమే.

ఇటువంటి ఇంట్లో దినచర్య ఫజర్‌తో మొదలవుతుంది. వయసు మళ్లినవారు కిందపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదం తడి నేల మీద ఎక్కువ. కాబట్టి వుజూ చేసే చోట జారని నేల, గోడకు పట్టుకునే కమ్మీ, కూర్చోవడానికి ఎత్తయిన పీట, చలికాలంలో గోరువెచ్చని నీళ్లు ఉండాలి. నీళ్లు తగలరాని జబ్బు గలవారికి తయమ్ముమ్ సదుపాయం, నిలబడలేనివారికి కుర్చీ, మంచం దిగలేనివారికి ఖిబ్లా వైపు మళ్లించిన మంచం కావాలి. ఇవి వేలల్లో అయ్యే ఖర్చులే తప్ప లక్షల్లో అయ్యేవి కావు.

బయటివారు గమనించని ఒక ఇబ్బంది ఉంది. మూత్రం నిలుపుకోలేని వృద్ధులు బట్టలు నజిస్ అవుతాయని, నమాజ్ చెల్లదని బెంగపడి నీళ్లు తాగడం తగ్గించేస్తారు. దానితో మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గి మగత, తికమక మొదలవుతాయి. ఇటువంటివారికి షరీఅత్ సడలింపు ఇచ్చిందని, ఒక నమాజ్ వేళకు ఒక వుజూ సరిపోతుందని ఇమామ్ గారు వచ్చి నాలుగు మాటలు చెబితే ఆ మనిషి మళ్లీ నిశ్చింతగా నీళ్లు తాగుతారు. డాక్టరు చీటీ చేయలేని పని ఒక ఆలిమ్ మాట చేస్తుంది. మతం తెలియని ఆశ్రమంలో ఆ పెద్దావిడ ‘మొండి మనిషి’గా నమోదవుతుంది.

రమజాన్ నెల మరొక పరీక్ష. ఇన్సులిన్ తీసుకుంటున్న డెబ్బై ఏళ్ల మనిషి ‘జీవితమంతా రోజా విడవలేదు, ఇప్పుడెలా విడుస్తాను’ అని పట్టుబడతారు. ఆయనతో వాదించడం వల్ల ప్రయోజనం లేదు. నెల ముందే డాక్టరుతో, ఆలిమ్‌తో ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాలి. ఉపవాసం ఉండే శక్తి ఇక తిరిగిరాదనుకున్నవారికి రోజాకు ఒక నిరుపేద చొప్పున భోజనం పెట్టే ఫిద్యా మార్గం ఉంది. ఆ ఫిద్యా ఆయన చేతుల మీదుగానే ఇప్పించాలి. రోజా లేకపోయినా ఇఫ్తార్ వేళ అందరితో పాటు దస్తర్‌ఖాన్ దగ్గర ఆయనకు చోటుండాలి. మందుల వేళలు సహరీ, ఇఫ్తార్‌లకు అనుగుణంగా మార్చుకోదగిన వారికి డాక్టరే మార్చి రాయాలి. సిబ్బంది సొంతంగా మార్చరాదు.

స్త్రీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పరపురుషుడి ముందు తలమీద కొంగు జారనివ్వని స్త్రీ, వృద్ధాప్యంలో స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి అపరిచితుల చేతుల్లో పడవలసి రావడం సామాన్యమైన బాధ కాదు. స్త్రీలకు స్త్రీలే సేవ చేయడం, తలుపు వేసి, దుప్పటి కప్పి, చెప్పి ముట్టుకోవడం నియమంగా ఉండాలి. మంచం మీదే ఉండే రోగిని రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. ఈ పని రాత్రివేళ కూడా జరగాలి.

భాష కూడా సంరక్షణలో భాగమే. మన పెద్దల్లో కొందరికి దక్కనీ ఉర్దూ మాతృభాష. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలకు, కోస్తా పల్లెల్లోని మరెందరికో తెలుగే ఇంటిభాష. మతిమరుపు జబ్బు ముదిరినప్పుడు తరువాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోతుంది, చిన్ననాటి భాష మిగులుతుంది. ఏ భాషలో నొప్పి అంటారో ఆ భాష తెలిసిన మనిషి పక్కన ఉండాలి. అటువంటి రోగి అరగంటకోసారి ‘జుహర్ అయిందా?’ అని అడిగితే ‘ఇందాకే చదివారు’ అని కసురుకోవలసిన పని లేదు. జానమాజ్ పరిచి ఇస్తే సరిపోతుంది. మతి లేనివారి మీద విధి లేదని ధర్మమే చెబుతోంది. చదివిన నమాజ్ మళ్లీ చదివితే ఎవరికీ నష్టం లేదు, ఆ మనసుకు మాత్రం ఊరట కలుగుతుంది.

ఇంట్లో ఉన్నవారికి చేయడానికి ఏదైనా పని ఉండాలి. చిక్కుడుకాయలు ఒలవడం, బియ్యంలో రాళ్లు ఏరడం, పక్కింటి పిల్లలకు ఖాయిదా చెప్పడం, మొక్కలకు నీళ్లు పోయడం చిన్న పనులే. కానీ తన అవసరం ఇంకా ఒకరికి ఉందన్న భావన మనిషిని నిలబెడుతుంది. శుక్రవారం ఉతికిన బట్టలు, అత్తరు, మస్జిద్ దాకా చేయి పట్టుకుని నడిపించే ఒక యువకుడు ఉంటే వారమంతా ఆ రోజు కోసం ఎదురుచూస్తారు. మన మస్జిద్‌లలో ఎన్నింటికి మెట్ల పక్కన వీల్‌చైర్ వెళ్లే వాలుదారి ఉందో కమిటీలు ఒకసారి చూసుకోవాలి.

సేవ చేసేవారి హక్కులు

పన్నెండు మంది పెద్దలున్న ఇంటికి పగటిపూట రెండు షిఫ్టుల్లో ఇద్దరేసి, రాత్రి ఒకరు అనుకుంటే రోజుకు ఐదు డ్యూటీలు అవుతాయి. వారానికి ఒక సెలవు ఇవ్వాలంటే కనీసం ఆరుగురు కావాలి. వంటమనిషి వేరు. చాలా చోట్ల ఈ ఆరుగురి పనిని ఇద్దరు ఆయాలతో చేయించి, ‘సవాబ్ వస్తుంది’ అని సర్దిచెబుతుంటారు. ఆయా పనికి వచ్చేది మనలోని పేద స్త్రీలే. నిద్రలేని మనిషి చేతిలో మందు తారుమారవుతుంది, గొంతు కరుకెక్కుతుంది. కనీస వేతనం, వారపు సెలవు, నడుము విరగకుండా రోగిని లేపే పద్ధతిలో శిక్షణ ఇవ్వలేని సంస్థ పన్నెండు మందికి బదులు ఆరుగురితోనే మొదలుపెట్టడం మేలు. సవాబ్ అల్లాహ్ ఇస్తాడు, జీతం మనం ఇవ్వాలి.

డబ్బు ఎక్కడి నుంచి?

మొదటి వాటా స్తోమత గల సంతానానిది. రెండవది పెన్షన్. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పెన్షన్ 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు అయింది. తెలంగాణలో ఆసరా పెన్షన్ 2019లో 2,016 రూపాయలకు పెరిగింది. వేలిముద్రలు అరిగిపోయి, చిరునామా మారి, కార్డు కొడుకు ఇంట్లో ఉండిపోయి పెన్షన్ ఆగిపోయిన వృద్ధులు ఎందరో. ఆశ్రయ గృహం చేయవలసిన తొలి సహాయాల్లో ఈ కాగితాలు సరిచేయడం ఒకటి. పెన్షన్ సొమ్ము ఇంటి ఖర్చుకు తీసుకున్నా, కొంత ఆ పెద్దల చేతిలోనే ఉంచాలి. మనవడికి ఈదీ ఇవ్వడానికి పది రూపాయలు అడుక్కోవలసిన స్థితి ఎవరికీ రాకూడదు.

మూడవది జకాత్. ఇక్కడ జాగ్రత్త అవసరం. హనఫీ మతానుసారం జకాత్ సొమ్ము అర్హుడి సొంతం కావాలి కనుక భవన నిర్మాణానికి దానిని వాడడం చెల్లదు. భవనానికి సదఖా, అతియ్యా, వక్ఫ్ నిధులు వాడాలి. జకాత్‌కు అర్హులైన పెద్దల మందులకు, భోజనానికి వారి పేరున, వారి అనుమతితో జకాత్ వినియోగించవచ్చు. స్థానిక ఉలమాలను అడిగి రెండు ఖాతాలు వేరువేరుగా నిర్వహించి, ఏటా లెక్కలు మస్జిద్ గోడకు అంటిస్తే చందాలకు కొరత రాదు.

నాలుగవది వక్ఫ్. దేశంలో 4.9 లక్షల నమోదిత వక్ఫ్‌లు, సుమారు 6 లక్షల ఎకరాల భూమి ఉన్నాయని, సక్రమంగా వినియోగిస్తే ఏటా 12,000 కోట్ల రూపాయల ఆదాయం రాగలదని 2006లో సచార్ కమిటీ అంచనా వేసింది. వక్ఫ్ ఆస్తుల పరిరక్షణ కోసం జరుగుతున్న పోరాటం న్యాయమైనది. ఆ ఆస్తి పేదల కోసమేనని కోర్టుల్లో, వీధుల్లో వాదిస్తున్న మనం, పట్టణానికి ఒక్క వక్ఫ్ ఇంటినైనా నిరాధార వృద్ధులకు తెరిచి చూపితే ఆ వాదన మరింత బలపడుతుంది.

రాజ్యం బాధ్యత

వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం పొందే హక్కును కల్పించాలని రాజ్యాంగం 41వ అధికరణం ఆదేశిక సూత్రాల్లో చెప్పింది. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలను దశలవారీగా ఏర్పాటు చేయడం గురించి ఆ చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది. అయితే ‘ఏర్పాటు చేయవచ్చు’ అన్న మాట ప్రభుత్వాలకు తప్పుకునే దారి చూపింది.

మతంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తించే ఈ చట్టం మనవారిలో చాలామందికి తెలియదు. నిర్లక్ష్యానికి గురైన తల్లి లేదా తండ్రి ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు స్వయంగా గాని, తాము అధికారం ఇచ్చిన మరొక వ్యక్తి లేదా సంస్థ ద్వారా గాని దరఖాస్తు చేసుకోవచ్చు. వకీలు అక్కరలేదు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ భృతి ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. సంతానం లేనివారు, తమ ఆస్తి దక్కబోయే బంధువు నుంచి పోషణ కోరవచ్చు. ఇల్లు కొడుకు పేర బహుమతిగా రాసేవారు ‘మమ్మల్ని చూసుకోవాలి’ అన్న షరతును దస్తావేజులోనే రాయించుకుంటే, అతడు మాట తప్పిన పక్షంలో 23వ సెక్షన్ కింద ఆ బదిలీని రద్దు చేయించుకునే అవకాశం ఉంటుంది. సలహాకు, సహాయానికి 14567 నెంబరుతో జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. ఈ నెంబరు ప్రతి మస్జిద్ నోటీసు బోర్డు మీద ఉండాలి.

ప్రభుత్వ నిధులతో నడిచే ఆశ్రమాలను మనం అడగవలసినవి కూడా స్పష్టంగా ఉండాలి. ప్రవేశ పత్రంలో మతాచారాలు, ఆహార నియమాలు, అంత్యక్రియల విషయంలో కోరిక నమోదు చేయాలి. హలాల్ మాంసం కుదరని చోట కనీసం వేరుగా వండిన శాకాహారం పెట్టాలి. నమాజ్‌కు శుభ్రమైన చోటు చూపాలి. స్త్రీలకు స్త్రీలే సేవ చేయాలి. దగ్గరలోని మస్జిద్ ఫోన్ నెంబరు ఆఫీసులో ఉండాలి. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. ఎవరూ లేని మనిషి కన్నుమూసినప్పుడు ఒక్క ఫోన్ వస్తే గుసుల్, కఫన్, జనాజా, ఖబ్రస్తాన్‌లో ఆరడుగుల నేల సమకూర్చడానికి మొహల్లా అంతా కదిలి వస్తుంది. ఆ ఫోన్ రానందువల్ల ఒక ముస్లిం ‘గుర్తు తెలియని శవం’గా వెళ్లిపోకూడదు.

ఒక ఆక్షేపణ

‘ఇల్లు తెరిస్తే కొడుకులకు తల్లిదండ్రులను వదిలించుకోవడం సులువవుతుంది’ అనేవారున్నారు. ఈ భయాన్ని తేలికగా తీసిపారేయలేం. దానికి విరుగుడు ప్రవేశ నియమాల్లోనే ఉంది. సంతానం ఉన్నవారు వస్తే మొదట కుటుంబంతో మాట్లాడాలి, అవసరమైతే ఇమామ్ సాహెబ్‌ను, పెద్దమనుషులను కూర్చోబెట్టాలి. పనివేళల్లో మాత్రమే ఆసరా కావలసిన కుటుంబాలకు పగటిపూట ఉంచుకుని సాయంత్రం ఇంటికి పంపే ఏర్పాటు ఉండాలి. చూడగలిగీ చూడనివారి విషయంలో పెద్దల సమ్మతితో ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆశ్రయంలో ఉన్నవారిని పిల్లలు ఎప్పుడు వచ్చి చూశారో పుస్తకంలో రాయాలి, నెల దాటితే ఫోన్ చేయాలి. అన్నిటికీ మించి, అక్కడ ఉండాలో వద్దో చెప్పవలసింది ఆ పెద్దలే. ఇష్టం లేని మనిషిని ఏ ఇంట్లోనూ బంధించరాదు.

ఇల్లు లేకపోవడం వల్ల ఇంతవరకు ఏ తల్లీ నిరాదరణ నుంచి తప్పించుకోలేదు. వరండాలో మంచం, వేరుగా పెట్టిన కంచం, రోజంతా పలకరించని గొంతులు మన ఇళ్లలోనూ ఉన్నాయి. వాటిని గడప దాటనివ్వకపోవడమే ఇజ్జత్ అనుకుంటున్నాం.

మొదలు పెట్టడానికి భవనం అవసరం లేదు. రాబోయే శుక్రవారం నమాజ్ తరువాత ప్రతి మస్జిద్ కమిటీ ఒక నోటు పుస్తకం తెరిచి, తన మొహల్లాలో ఒంటరిగా ఉంటున్న అరవై దాటినవారి పేర్లు రాయాలి. ఎవరికి పెన్షన్ అందడం లేదు, ఎవరికి కళ్ల ఆపరేషన్ ఆగిపోయింది, ఎవరు రెండు పూటలు తినడం లేదు అన్నది పక్కన రాయాలి. స్త్రీల వివరాలు సేకరించడానికి స్త్రీలే వెళ్లాలి. ఆ జాబితా చదివిన తరువాత ఊళ్లో ఆశ్రయ గృహం కావాలో వద్దో ఎవరూ వాదించనక్కరలేదు. ఎన్ని మంచాలు వేయాలన్నదే ప్రశ్నగా మిగులుతుంది.